మైనస్ మీద ఆరు వోల్టులు

ఈమధ్య పాలిటెక్నిక్‌లో చదివే ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. చేతిలో అగ్గిపెట్టెంత యాంప్లిఫయరు బోర్డు. ఫోనులో చూసి తెప్పించుకున్నదట. "దీనికి మొదటిసారి కరెంటు ఇచ్చే ముందు ఏమేం చూసుకోవాలి సార్?" అని అడిగింది. తెలిసినదంతా చెప్పాను. బ్యాటరీ తీగెలు తిరగబడకుండా చూసుకో, టంకం చుక్కలు ఒకదానికొకటి అంటుకున్నాయేమో భూతద్దంతో చూడు, అని. ఆమె రాసుకుని వెళ్లింది. తర్వాత కూర్చుని ఆలోచిస్తే, నేను చెప్పినవన్నీ ఏ పుస్తకంలోనైనా దొరికేవే. నేను సొంతంగా నేర్చుకున్నది ఒకటే ఉంది. అది నేర్చుకోవడానికి ఒక బోర్డు కాలిపోయింది, పదకొండు మంది పసిపిల్లల ప్రాణాలు ఒక పూట గాలిలో ఉన్నాయి. అదే ఆమెకు చెప్పలేదు. ఈ పని నేర్చుకుంటున్న మీ అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నేను ఆరోగ్య శాఖలో మైకు ఆపరేటరుగా పనిచేసి దిగిపోయినవాణ్ని. జీపు మీద హారను కట్టుకుని అడవి గూడేలకు వెళ్లి, దోమతెరలు కట్టుకోండి, పోలియో చుక్కలు వేయించండి, గోడలకు మందు కొట్టడానికి వస్తే తలుపులు తీయండి అని చెప్పడం నా పని. హారను అంటే బండి మోత కాదు, ఉమ్మెత్తపువ్వులా నోరు తెరుచుకుని ఉండే లౌడుస్పీకరు. రెండువేల సంవత్సరం దాటాక కొన్నేళ్లు టేకులపల్లి అవతల, అడవిలో ఉన్న ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో ఉన్నాను.

నా చదువు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే తప్పు అక్కడినుంచే వచ్చింది. పదో తరగతిలో లెక్కలు రెండుసార్లు తప్పి బడి మానేశాను. ఆ తర్వాతి చదువంతా కొత్తగూడెం లైబ్రరీలో. సెలవు రోజున మొదటి బస్సుకు వెళ్లి, తలుపులు తీయకముందే మెట్ల మీద కూర్చునేవాణ్ని. ఎలక్ట్రానిక్స్ మీద ఒక ఇంగ్లీషు మాసపత్రిక వచ్చేది. ఊళ్లో దాన్ని చదివేవాణ్ని నేనొక్కణ్ణే అనుకుంటాను, ఎందుకంటే లోపలి కాగితాలు అంటుకుపోయి ఉంటే నేనే విడదీసుకోవాల్సి వచ్చేది. పక్కన నిఘంటువు పెట్టుకుని, తెలియని మాటకల్లా అర్థం వెతికి, సర్క్యూట్లు గీసుకుని, నోటుబుక్కులు నింపాను. అలా పద్నాలుగు నోటుబుక్కులు. ఇంటికి ఎవరొచ్చినా చూపించేవాణ్ని. కేంద్రంలో నన్ను అందరూ 'లైబ్రరీ సారు' అనేవారు. అందులో గౌరవం సగం, ఎగతాళి సగం. నేను గౌరవం సగాన్నే వినేవాణ్ని.

ఎగతాళి సగం మా జీపు డ్రైవరుది. దమ్మపేట మనిషి. మాటలో ఆంధ్ర వాసన, చేతిలో మంచి పనితనం. నేను నోటుబుక్కు తెరిస్తే చాలు, "సారూ, ఆ పుస్తకంలో పంచరేయడం ఉందేమో చూడండి, నా నడుం పట్టేసింది," అనేవాడు.

మా పాత యాంప్లిఫయరు ఇనుప పెట్టె. ఇద్దరు మోయాలి. గంటసేపు మైకులో మాట్లాడితే జీపు బ్యాటరీ అయిపోయేది, అందరం దిగి జీపును తోసేవాళ్లం. మంచిచెడ్డలు చెప్పడానికి వెళ్లినవాళ్లం గూడెం జనంతోనే జీపు తోయించుకుని రావడం ఏం మర్యాద? ఆ పెట్టె పనిచేసే తీరే అంత. సగం తిప్పి వదిలిన నల్లాలాగా కరెంటును ఎప్పుడూ సగం అడ్డుకుంటూ నడుస్తుంది. అడ్డుకున్నదంతా వేడి అయిపోతుంది. పత్రికలో ఒక నెల 'క్లాస్ డి' అనే కొత్త పద్ధతి గురించి చదివాను. అందులో నల్లాను సగం తిప్పడమనేది ఉండదు. పూర్తిగా తెరవడం, పూర్తిగా మూయడం. సెకనుకు కొన్ని లక్షలసార్లు. ఎంతసేపు తెరిచి ఉంది, ఎంతసేపు మూసి ఉంది అన్న తేడాలోంచే మాట పుడుతుంది. మధ్యలో నలిగేది లేదు కాబట్టి వేడి దాదాపు ఉండదు, చిన్న మోటారుసైకిలు బ్యాటరీతో గంటలకొద్దీ మాట్లాడవచ్చు. ఆ వ్యాసం చదివిన రోజు తిరుగు బస్సులో నాకు సీటు దొరకలేదు, దొరకలేదన్న సంగతి కూడా ఇల్లు చేరాక గుర్తొచ్చింది.

హైదరాబాదులో ఒక దుకాణానికి ఉత్తరం రాసి, సరుకు అందాక పోస్టులో డబ్బు కట్టే వీపీపీ పద్ధతిలో రెండు బోర్డులు తెప్పించాను. విడిభాగాలు వేరుగా, చిప్పు మాత్రం ముందే అతికించి వచ్చింది. మిగిలినవన్నీ నేనే టంకం పెట్టాను. వాటితోపాటు అరపేజీ ఇంగ్లీషు కాగితం. దాన్ని అలవాటు ప్రకారం వాక్యం వాక్యం తెలుగులోకి మార్చి నోటుబుక్కులోకి ఎక్కించాను. అన్నీ అర్థమయ్యాయి, ఒక్కటి తప్ప. స్పీకరుకు వెళ్లే తీగెలు రెండూ 'ఫ్లోటింగ్'గా ఉంచవలెను అని ఉంది. నిఘంటువు చూశాను. నీటిపై తేలుట, తేలియాడుట అని ఉంది. చాలాసేపు ఆలోచించాను. చివరికి, సముద్రం ఒడ్డున ఉండేవాళ్లు ఈ బోర్డులను లాంచీలకు కూడా కట్టుకుంటారేమో, తీగెలు నీళ్లలో మునగకుండా చూసుకోమని వాళ్లకు చెబుతున్నారేమో అనుకున్నాను. నోటుబుక్కు అంచున ఎర్ర సిరాతో 'పడవలకు మాత్రమే' అని రాసుకున్నాను.

మొదటి పరీక్ష మందుల గది బల్ల మీద. పత్రికలో చదివిన మంచి పద్ధతి ఒకటి ఉంది. కొత్త బోర్డుకు బ్యాటరీని నేరుగా ఇవ్వకూడదు. ప్లస్ తీగె మధ్యలో ఒక బండి బల్బు పెట్టాలి. బోర్డులో ఎక్కడైనా తీగెలు కలిసిపోయి ఉంటే కరెంటంతా బల్బులో వెలుగుతుంది, బోర్డు బతుకుతుంది. అంతా సరిగా ఉంటే బల్బు ఒకసారి మిణుక్కుమని ఆరిపోతుంది. జీపు ఇండికేటరు బల్బు విప్పి పెట్టాను. మిణుక్కుమంది, ఆరింది. పాత రేడియో స్పీకరు తగిలించి టేపురికార్డరులో పాట పెడితే గది నిండింది. చిప్పు మీద వేలు పెట్టి చూశాను, చల్లగా ఉంది. డ్రైవరు కూడా పాటకు తల ఊపాడు.

అప్పుడు ఆగి ఉండాల్సింది. ఆ రోజు సంత. డాక్టరమ్మ బయట జీపులో కూర్చుని ఉంది. ఖమ్మం నుంచి కొత్తగా వచ్చిన ఆమె, ఆలస్యం ఓర్చుకునే మనిషి కాదు. బోర్డును తీసుకెళ్లి జీపులో పెట్టాం. బల్బు తీసేశాం, ఇండికేటరు లేకుండా జీపు నడపనని డ్రైవరు అన్నాడు. హారను మా పద్ధతిలోనే ఉంది. జీపులకు మైకు కట్టేవాళ్లందరి పద్ధతీ అదే. హారనుకు ఒకే తీగె లాగుతాం. రెండో కొసను హారను ఇనుప పట్టీకి బిగిస్తాం, పట్టీ జీపు ఇనుముకు తగులుతుంది, జీపు ఇనుము బ్యాటరీ మైనస్‌కు కలిసి ఉంటుంది. ఒక తీగె ఆదా. మా భాషలో మైనస్ అన్నా బాడీ అన్నా ఒకటే.

"ఈ మైనస్ ఎక్కడ పెట్టమంటారు సారూ?" అని డ్రైవరు అడిగాడు. బోర్డు మీద స్పీకరు బొమ్మ పక్కన ప్లస్, మైనస్ గుర్తులు అచ్చేసి ఉన్నాయి.

"ఎక్కడుంటది, బాడీకే," అన్నాను.

టిక్కుమని చిన్న చప్పుడు. సన్నటి పొగ. చిప్పు మీద గింజంత గుంట పడింది.

"మీ పుస్తకంలో ఈ వాసన గురించి రాశారా సారూ?" అన్నాడు డ్రైవరు.

ఆ రాత్రే హైదరాబాదు దుకాణానికి మూడు పేజీల ఉత్తరం రాశాను, నాసిరకం సరుకు అమ్మి గ్రామీణ ఆరోగ్యానికి హాని చేస్తున్నారని. మైకులు తెలిసినవాణ్ని కాబట్టి తప్పు నాది కాదని నాకు గట్టి నమ్మకం. పాత పెట్టె కూడా మరో నెలకు లోపల ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి ఖమ్మం రిపేరుకు వెళ్లింది. రెండో బోర్డు కవరులోనే ఉండిపోయింది. దాని మొహం చూడాలనిపించలేదు.

వానలు మొదలయ్యాక వాగు అవతల గూడెంలో జ్వరాలు వచ్చాయి. మా సిస్టరమ్మ, అంటే నర్సు, ఆయాను వెంటబెట్టుకుని వెళ్లి, మలేరియా పరీక్షకు అందరికీ రక్తపూతలు తీసి, జ్వరం ఉన్నవాళ్లకు మొదటి రోజు మందు తన చేత్తోనే మింగించింది. మిగిలిన రెండు రోజుల మందు, ముందే కేంద్రంలో కట్టిపెట్టిన పొట్లాలు, ఇళ్లలో ఇచ్చింది, రేపు సాయంత్రం అన్నం తిన్నాక ఒకటి, ఎల్లుండి ఒకటి అని. పొట్లాల్లో పెట్టిన చీటీలు రాసింది నేను. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని ఆ పని ఎప్పుడూ నాకే. ఆ రాత్రి పెద్ద వాన కురిసింది. తెల్లారేసరికి వాగు ఒడ్డులు దాటింది.

మధ్యాహ్నం భోజనాల వేళ మా ఫార్మసిస్టు మందుల గదిలోంచి బయటికి వచ్చాడు. కొత్తగూడెంలో గని కార్మికుడి కొడుకు, పెద్దగా మాట్లాడే మనిషి. ఆ రోజు మాత్రం మెల్లగా అడిగాడు.

"అన్నా, పొట్లాలు ఏ డబ్బాలోంచి కట్టిన్రు?"

"కొత్త డబ్బా. పాతది సిస్టరమ్మ సంచిలో ఉండె కదా."

"కొత్తది డబల్ పవరన్నా. పాతదానికి రెండింతలు. పిల్లల చీటీల మీద ఏం రాసినవ్?"

ఏం రాశానో నాకు తెలుసు. ఎన్నో ఏళ్లుగా రాస్తున్నదే రాశాను. పిల్లలకు ఒకటి.

డాక్టరమ్మ రిజిస్టరు తెరిచి పేర్లు లెక్కపెట్టింది. పెద్దపిల్లలకు, పెద్దవాళ్లకు అంత ప్రమాదం లేదని పక్కకు పెట్టింది. "మూడేళ్లలోపు పదకొండు మంది," అంది. "ఆ మందు చిన్నపిల్లలకు కొంచెం ఎక్కువైనా గుండె మీదికి వస్తుంది. రెండింతలంటే నేను ఊహించదలుచుకోలేదు. వాళ్లు ఎన్నింటికి తింటారు?"

ఆయా చెప్పింది. ఆమె కోయ ఆడమనిషి, ఆ చుట్టుపక్కల గూడేలన్నీ తన బంధువర్గమే. "పొద్దుగూకకముందే తింటరమ్మా. చీకటైతే దీపం నూనె ఖర్చు. అయిదింటికల్లా పొయ్యి ఆర్పుతరు."

అప్పుడు టైము ఒంటిగంట. ఫోన్లు లేవు. వాగులో ఈదడానికి ఇద్దరు కుర్రాళ్లు ముందుకొచ్చారు గాని డాక్టరమ్మ ఒప్పుకోలేదు. కిందటేడు ఆ నీళ్లలో ఎడ్లజతే పోయింది. ఇవతలి ఒడ్డున నిలబడి కేకవేస్తే నీటి హోరులో అవతలి ఒడ్డుకే వినపడదు, గూడెం ఇంకా అరకిలోమీటరు లోపల ఉంది.

అందరూ నావైపు చూశారు.

"మీ దగ్గర ఇంకో బోర్డు ఉండాలి కదా," అంది డాక్టరమ్మ.

ఉన్నది. కవరు చింపి టంకం పెట్టడానికి కూర్చున్నాను. గంటలోపు అయింది. డ్రైవరు తన మోటారుసైకిలు బ్యాటరీ విప్పి తెచ్చాడు, అడగకుండానే. ఇండికేటరు బల్బు కూడా తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఈసారి ఏ ఎగతాళీ లేదు.

బల్బు మధ్యలో పెట్టి బ్యాటరీ తగిలించాను. మిణుక్కుమంది, ఆరింది. మంచిది. ఇక హారను. జీపు మీది నుంచి విప్పి తెచ్చాం. ఒక తీగె ప్లస్‌కు. ఇనుప పట్టీనుంచి ఇంకో తీగె బ్యాటరీ మైనస్‌కు, బోర్డు స్పీకరు మైనస్‌ను కూడా అక్కడికే. ఎప్పటిలాగే.

బల్బు భగ్గున వెలిగింది.

"ఎలిగింది సారూ," అన్నాడు డ్రైవరు ఆశగా. "మంచిదే గదా?"

తీగె లాగేశాను. బల్బు వెలగడమంటే కరెంటంతా ఎక్కడో నేలకు కారిపోతున్నదని అర్థం. బల్బు లేకపోతే రెండో బోర్డు కూడా ఆ క్షణమే పోయేది. చిప్పును తాకి చూశాను, చల్లగానే ఉంది. హారను లేకుండా మళ్లీ తగిలిస్తే బల్బు ఆరిపోయే ఉంది. హారను పెడితేనే వెలుగుతున్నది. అంటే హారను చెడిపోయిందా? మీటరు పెట్టి చూస్తే హారను బాగానే ఉంది. రేడియో స్పీకరును రెండు తీగెలతో నేరుగా బోర్డుకు పెట్టాను. పాడింది.

ఒకే బోర్డు. ఒక స్పీకరుకు పాడుతున్నది, ఇంకొకదానికి చస్తున్నది. నాకు బుర్ర పనిచేయలేదు. పద్నాలుగు నోటుబుక్కులు నింపిన బుర్ర.

"ఏందన్నా, అయితదా కాదా?" అని ఫార్మసిస్టు గుమ్మంలోంచి అడిగాడు. "మూడు కావస్తంది."

ఏం చేయాలో తోచనప్పుడు చేతికి దొరికింది కొలవడం నా అలవాటు. మీటరు నల్ల ముల్లును బ్యాటరీ మైనస్‌కు పెట్టి, ఎర్ర ముల్లును స్పీకరు ప్లస్‌కు ఆనించాను. ఆరు వోల్టులు. తర్వాత, ఎందుకో, స్పీకరు మైనస్‌కు ఆనించాను. అక్కడ సున్నా ఉండాలి.

ఆరు వోల్టులు.

మళ్లీ పెట్టాను. ఆరే.

ఆయా నా భుజం మీదుగా మీటరు చూస్తున్నది. ఆమెకు ముల్లు కదిలేది తెలుసు, బీపీ మిషన్ చూసిన కళ్లు. "అది మైనస్ అంటివి గద తమ్మీ," అంది. "మైనస్ల గూడ కరెంటుంటదా?"

"ఉండదక్కా."

"ఉన్నది గద మరి."

ఉన్నది. నేను ఉండదంటే అది పోదు. నోటుబుక్కు తీశాను. ఆ అరపేజీ మళ్లీ చదివాను. చివరి వాక్యం దగ్గర నా సొంత ఎర్ర సిరా కనపడింది. పడవలకు మాత్రమే.

ఆ గదిలో అప్పుడు నాకు కలిగిన సిగ్గు, సంతోషం రెండూ ఒకేసారి వచ్చాయి, ఏది ముందో చెప్పలేను. తేలడమంటే నీళ్ల మీద కాదు. ఆ రెండు తీగెలూ నేలను తాకకుండా, బ్యాటరీ పన్నెండు వోల్టుల్లో సరిగ్గా సగం, ఆరు వోల్టుల ఎత్తున, గాలిలో ఉన్నాయి. ఒకటి పైకి పోతే ఇంకొకటి కిందికి వస్తూ హారనును మధ్యలో పెట్టుకుని ఊపుతాయి. స్పీకరు మైనస్ అన్నది రెండో చెయ్యి పేరు మాత్రమే, నేల పేరు కాదు. ఆ చేతిని పట్టుకుని బాడీకి కట్టేస్తే అది కాలిపోక ఏం చేస్తుంది? దుకాణంవాళ్లు చెప్పారు. నేనే వాళ్లను పడవ ఎక్కించాను.

"డ్రైవరు గారూ," అన్నాను. అతన్ని నేను ఎప్పుడూ గారూ అనలేదు. "బాడీ వద్దు. పట్టీ నుంచి వచ్చే తీగె బోర్డు మైనస్‌కే. బ్యాటరీకి తగలొద్దు. నేలకు తగలొద్దు. ఏ ఇనుముకూ తగలొద్దు."

"మరి పట్టీయే ఇనుము గదండీ?"

"అందుకే."

అతను ఒక్క క్షణం ఆలోచించి, బయటికి వెళ్లి పాత సైకిలు ట్యూబు కోసి తెచ్చాడు. హారను పట్టీ చుట్టూ రబ్బరు బిగించి చుట్టాడు. తగిలించాను. బల్బు మిణుక్కుమంది, ఆరిపోయింది. మైకును టేపురికార్డరుకు పెట్టి, ఖాళీ క్యాసెట్టు వేసి, రికార్డు నొక్కి పాజ్‌లో ఉంచితే, ఇయర్‌ఫోన్ రంధ్రంలోంచి మాట బోర్డుకు వస్తుంది. "హలో," అన్నాను. కిటికీ అవతల చింతచెట్టు మీది కొంగలు లేచిపోయాయి.

ఆసుపత్రి ముందు ఓపీలో కూర్చున్న ముసలాయన ఒకడు, "ఎవలది గా గొంతు, సచ్చేటట్లు జేసిండు," అని తిట్టాడు. ఆ తిట్టు నాకు చాలా బాగుంది.

జీపు కల్వర్టు దాకా పోయింది. అక్కడినుంచి మూడు కిలోమీటర్లు బురద. హారను డ్రైవరు భుజం మీద, బ్యాటరీ ఫార్మసిస్టు సంచిలో, మైకు, టేపురికార్డరు ఆయా చేతిలో, బోర్డు నా అన్నం డబ్బాలో, పొడిగుడ్డ చుట్టి. పాత పెట్టె అయితే ఆ దారిలో ఆ టైముకు చేరేవాళ్లం కాదు. డాక్టరమ్మ చెప్పులు చేతిలో పట్టుకుని అందరికంటే ముందు నడిచింది. నాలుగుంబావుకు వాగు చేరాం. ఎర్రటి నీళ్లు, చెట్ల మొదళ్లు దొర్లుకుంటూ పోతున్నాయి. పక్కన నిలబడ్డవాడి మాట కూడా చెవిలో చెబితేనే.

హారనును మద్దిచెట్టు కొమ్మకు తాడుతో కట్టాం, నోరు గూడెంవైపు. ఇప్పుడు ఒక నిర్ణయం మిగిలింది. బల్బు ఉంటే బోర్డుకు భద్రం, కానీ గట్టిగా మాట్లాడితే బల్బే కరెంటు తాగేస్తుంది, గొంతు లేవదు. బల్బు తీసేయాలి. మొదటి బోర్డుకు తీసేసినప్పుడు ఏమైందో నాకూ డ్రైవరుకూ బాగా గుర్తుంది. తీగెలన్నీ మళ్లీ ఒకసారి వేలితో తడిమాను. స్పీకరు మైనస్ మీద మళ్లీ మీటరు పెట్టాను. ఆరు వోల్టులు. ఆ మధ్యాహ్నం దాకా నేను తప్పు అనుకునే అంకె అది. బల్బు తీసి తీగెలు కలిపాను.

టిక్కు లేదు. పొగ లేదు.

ఆయా మైకు పట్టుకుంది. ఆమె మైకులో మాట్లాడటం అదే మొదలు. ఎప్పుడూ నేనే మాట్లాడేవాణ్ని, తెలుగులో, గ్రాంథికం కలిపి. ఆమె కోయలో మొదలుపెట్టింది. నాకు అర్థమైంది ఇళ్ల పేర్లు, మనుషుల పేర్లే. ఒక్కొక్క తల్లినీ పేరుపెట్టి పిలిచింది. మిగతాది మేం ముందే అనుకున్న మాట: పిల్లల పొట్లం విప్పొద్దు, ఇయ్యొద్దు, పట్టుకుని వాగుకాడికి రండి. ఇదే మాట, మళ్లీ మళ్లీ. గొంతు నీళ్ల మీదుగా వెళ్లి అవతలి అడవికి తగిలి వెనక్కి వస్తున్నది.

ఎవరూ రాలేదు. పశువులు తలెత్తి చూశాయి. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. డ్రైవరు బీడీ వెలిగించబోయి అగ్గిపుల్ల తడిసిపోయిందని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఫార్మసిస్టు నేలమీద గొంతుక్కూర్చుని నోరు చేత్తో మూసుకున్నాడు. డాక్టరమ్మ గడియారం చూడటం మానేసింది.

ముందు ఒక ముసలాయన వచ్చాడు, ఆకుల గొడుగు తల మీద పెట్టుకుని. తర్వాత ఒక ఆడమనిషి. తర్వాత గుంపు. ఆయా ఏదో చెప్పింది. ఒక్కొక్కరూ చెయ్యెత్తి పొట్లాలు చూపించారు. అంత దూరంనుంచి తెల్లటి చుక్కలు. మేం నలుగురం నాలుగుసార్లు లెక్కపెట్టాం.

"పది," అన్నాడు ఫార్మసిస్టు.

"పదే," అంది డాక్టరమ్మ.

ఆయా పేర్లు మళ్లీ పిలిచింది. పేరు పలికినప్పుడల్లా అవతల ఒక చెయ్యి లేచింది. ఒక పేరు దగ్గర ఏ చెయ్యీ లేవలేదు. అవతల ముసలాయన అడవివైపు చెయ్యి చూపించి తిప్పాడు. ఆ తల్లి అడవి నరికి వేసుకున్న పోడు చేనులో, గుడిసెలో ఉంటున్నదని ఆయా చెప్పింది. ఒక మనిషి అప్పటికే ఆ దిక్కుకు పరుగెత్తుతున్నాడు. ఆయా మైకు వదల్లేదు. ఆ ఒక్క పేరునే, ఆ ఒక్క మాటనే, గొంతు బొంగురుపోయేదాకా అడవిలోకి పంపింది. నేను బోర్డు మీద వేలు పెట్టి కూర్చున్నాను. వేడెక్కితే చెప్పాలని. అది వేడెక్కలేదు.

అయిదూ పది దాటింది. చెట్ల మధ్యనుంచి ఆ తల్లి వచ్చింది, పిల్లను చంకనెత్తుకుని, ఒక చేత్తో పొట్లం పైకెత్తి. పొట్లం కట్టిన దారం ఇంకా ఊడలేదని డాక్టరమ్మ అన్నది, ఆమె కళ్లు మంచివి. ఆ తల్లి పొట్లాన్ని ఊపి, తర్వాత పిల్ల చెయ్యి పట్టుకుని ఊపింది. అక్కడే బురదలో కూర్చున్నాను.  ఫార్మసిస్టు ఏడుస్తూ నవ్వుతున్నాడు. చీటీలు రాసింది నేను, డబ్బా ఇచ్చింది అతను. ఆ పూటనుంచి మేమిద్దరం ఒకరికొకరు సంజాయిషీ చెప్పుకోవాల్సిన పని లేకుండా పోయింది.

మాత్రను సగానికి విరిచి సగమే ఇవ్వాలని ఆయా చివరగా చెప్పింది. వాళ్లు చేతుల్లోనే విరిచి చూపించారు.

శిక్షలు ఏమీ పడలేదు. డాక్టరమ్మ తన చేత్తో ఒక నియమం రాసి మందుల గది గోడకు అంటించింది. కొత్త డబ్బా విప్పినరోజు పాత చీటీ వాడకూడదని. హైదరాబాదు దుకాణానికి నేను ఇంకో ఉత్తరం రాశాను, ఈసారి అరపేజీ, తప్పు నాదని. వాళ్లు కార్డు ముక్క రాశారు. మీ మొదటి ఉత్తరం మా దగ్గర అందరం చదువుకున్నాం, ఇంకా బోర్డులు కావాలా అని. ఇంకో రెండు తెప్పించాను. అప్పటినుంచి నేను పుస్తకంలో అర్థంకాని మాట కనపడితే అది ఎవరి కోసమో రాశారని అనుకోవడం మానేశాను. నాకోసమే రాశారని అనుకుని, అర్థమయ్యేదాకా ముందుకు పోను. కొలిచినప్పుడు వచ్చిన అంకె నా చదువుతో కలవకపోతే, అంకెను కాక చదువును దిద్దుకుంటాను. చెప్పడానికి తేలికే. మైకు పనిలో పదిహేనేళ్లు గడిచాక నేర్చుకున్నాను.

నాలుగో రోజుకు వాగు తగ్గింది. మోకాళ్లలోతు నీళ్లలో దాటి గూడెం వెళ్లాం. డాక్టరమ్మ పదకొండు మంది పిల్లలనూ ఒక్కొక్కరినీ ఒళ్లో కూర్చోబెట్టుకుని గుండె విన్నది. జ్వరాలు దిగుతున్నాయి. పోడు చేను గుడిసె పిల్ల నా మీటరు తీగె నోట్లో పెట్టుకుని చప్పరించింది. తన మాత్ర కంటే అదే బాగున్నట్టుంది.

ఆ పిల్ల నాయనమ్మ గుడిసె ముందు ఇప్పపువ్వు ఆరబెడుతున్నది. మైకు మనిషిని నేనే అని ఆయా చూపించింది. ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసి, తెలుగులోనే అడిగింది.

"గా దినం ఒర్రింది నువ్వేనా?"

"నా మైకే అమ్మా. మాట మాత్రం మీ ఆయాది."

"ఒక్కసారి జెప్తే ఇనమా మేము? చెవుడా మాకు? పొద్దుగూకెదాక అదే మాట, అదే మాట." ఆమె పువ్వును చేత్తో తిరగేసింది. "పొయ్యి మీద కూడు మాడిపోయింది. పోరి ఉత్త గంజి తాగి పండింది. మల్ల ఒర్రుడుంటె, అన్నం దిన్నంక ఒర్రుర్రి."